ఖాళీ బిందెల ప్రసారం

బైబిలు మీద చెయ్యి పెట్టమన్నా సరే, శ్రీశైలం మల్లన్న మీద ఒట్టేయమన్నా సరే, ఇందులో ప్రతి అక్షరమూ నిజం.

కొన్నేళ్ళ కిందట, వేసవి మొదట్లో, పెద్దదోర్నాల దగ్గరి కమ్యూనిటీ రేడియోలో సౌండ్ ఇంజనీరుగా చేరాను. మొన్న ముందస్తు విరమణ తీసుకునేదాకా అక్కడే ఉన్నాను. ఇలాంటి కేంద్రం ప్రసారం చుట్టుపక్కల ఊళ్ళు దాటదు. సొంతంగా వార్తలు చెప్పకూడదు. ప్రసారమైనదంతా కొంతకాలం దాచి, అధికారి అడిగితే వినిపించాలి.

ఆ వేసవిలో క్రైస్తవ పాలేనికి రావలసిన నీళ్ళ ట్యాంకర్ శ్రీశైలం దారిలోని హోటలుకు మళ్ళింది. ఆ సంగతి మా రేడియోలో ఒక శ్రోత ఎత్తిన మర్నాడే మండలంలో ఒక పెద్దమనిషి ఫోన్ చేసి, నీళ్ళనే మాట ఇంకోసారి వినపడితే లైసెన్సు ఉండదన్నాడు. అప్పుడే మా లైసెన్సు రెన్యువల్‌కు పోయి ఉంది. ఆ రోజు నుంచి నీళ్ళ ఊసెత్తకుండా పాటలు వేస్తూ పోయాను.

పాలెం నుంచి మార్తమ్మ వచ్చింది. కూలికి పోయే మనిషి.

"ఏందన్నా, నీ రేడియోకి నోరు పడిపోయిందా?"

"నీళ్ళ మాట రాకూడదన్నారు అక్కా."

"మాట వద్దంటే మానెయ్. బిందె కొట్టి వినిపియ్యి."

అక్కడ ట్యాంకర్ వరుసలో మనిషికి బదులు బిందె నిలబడుతుంది. పోయేవాళ్ళు వేలి కణుపుతో తట్టి చూస్తారు. ఖాళీది ఖంగుమంటుంది, నిండింది మూలుగుతుంది. మర్నాటి సాయంత్రం, వ్యవసాయ సలహాలకు ముందు, పాలెం ఆడవాళ్ళంతా తట్టిన సిల్వర్ బిందెల మోత ప్రసారం చేశాను. మాట లేదు, పాట లేదు. రోజూ అదే.

హోటల్లో రేడియో మోగుతుంటే యాత్రికులు అదేం మోతని అడగటం, సప్లయరు ఉన్న సంగతి చెప్పటం, వాళ్ళు గ్లాసు ముట్టకుండా లేచిపోవటం మొదలైంది. యజమాని పెద్దమనిషికి చెప్పుకున్నాడు. ఆయన ఫిర్యాదు మీద అధికారి జీపులో దిగాడు.

హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాడు. వెనక్కి తిప్పి మళ్ళీ విన్నాడు. నేను వరండాలో అటూ ఇటూ తిరుగుతున్నాను.

"ఏందయ్యా ఇది?"

"శబ్దం సార్."

"ఏం శబ్దం?"

"మీరే చెప్పండి సార్, రాసుకుంటా."

గుమ్మంలో నిలబడిన జీపు డ్రైవర్ది వెలిగండ్ల, అదీ నీళ్ళకు కటకటలాడే ఊరే. ఆగలేకపోయాడు. "ఖాళీ బిందెలు సార్! మా అమ్మ గూడా ఇట్లనే తట్టి చూస్తాది."

"నిన్నెవరడిగినారు? పోయి జీపు తియ్!"

ఖాళీ బిందెలని రాస్తే ఎందుకు ఖాళీ అని పైవాళ్ళు అడుగుతారు. 'అభ్యంతరకరమైన మాటలు లేవు' అని రాసి, టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. మోత ఆగలేదు. గిరాకీ పోగొట్టుకోలేక హోటలు యజమాని ట్యాంకర్‌ను తనే పాలేనికి పంపించినాడని డ్రైవర్లు చెప్పుకున్నారు. నీళ్ళు రావటం మటుకు నేను కళ్ళారా చూశాను.

నేర్చుకున్నది ఇంతే: ఒక శబ్దాన్ని ఆపాలంటే ముందు అదేమిటో కాగితం మీద రాయాలి. ఆ రాయటం దగ్గరే అధికారం వెనక్కి తగ్గుతుంది.

ఇక నా ఒట్టు సంగతి. మొదటి రోజు ఆడవాళ్ళంతా తట్టారన్నది కల్పన. భయపడి ఎవరూ రాలేదు. మార్తమ్మ ఒక్కతే, ఒకే బిందె. దాన్నే మైకు దగ్గర, వాకిట్లో, గోడ వెనక తట్టించి, రికార్డు చేసి, ఒకదాని మీద ఒకటి పేర్చి పాలెమంతా తట్టినట్టు చేశాను. అది విని మిగతావాళ్ళు బిందెలు చంకనేసుకుని వచ్చి, మమ్మల్నెందుకు పిలవలేదని నన్ను తిట్టిపోశారు.