తొమ్మిదో శిలువ

తడి సున్నం వాసన తగిలితే నాకు ముందు అంకెలు గుర్తొస్తాయి, తర్వాతే మనుషులు. ఈ ఉదయం పక్కింటి గోడకి వెల్ల వేస్తుంటే అదే జరిగింది. వంశధార పొంగిన ఆ ఏడు పోయినవి: గుడిసెలు పదకొండు, ఎడ్లు ఏడు, ఏరు దాటించే పడవ ఒకటి, పొట్ట మీదున్న వరి పద్నాలుగు ఎకరాలు, మనుషులు తొమ్మిదిమంది. అరవైల చివరి మాట. శ్రీముఖలింగానికి దిగువన, ఏటి ఒడ్డున ఉన్న చిన్న కతోలిక పేట అది. లెక్క రాసింది నేను. రాయించింది అక్కడి చర్చి విచారణ గురువు, అందరూ ఫాదర్ గారు అనేవారు. ఆయనే తర్వాత పీఠాధిపతి, అంటే బిషప్పు అయ్యారు, ఆ పైన ఆర్చిబిషప్పు, అంటే అగ్రపీఠాధిపతి అయ్యారు. పోయిన నెల పత్రికలో ఆయన మరణవార్త వచ్చింది. కట్టించిన బళ్లూ ఆసుపత్రులూ అన్నీ వేశారు. ఈ పేట ఊసు అందులో లేదు.

ఆయన గుంటూరు వైపు మనిషి. నేను ఆయన మతంవాణ్ని కాను. బడి రెండో తరగతితో సరి. చీపురుపల్లిలో ధాన్యం కొలిచేచోట నిలబడి లెక్కలు నేర్చుకున్నాను. పేటలో చర్చిగుడి కట్టడానికి రాయి కొలవాలని పిలిపించారు. నా పేరు అప్పలస్వామి అని చెబితే నవ్వి, "నన్నూ స్వామీ అనే పిలుస్తారయ్యా. ఇక్కడ ఒక స్వామికే కూడు సరిగ్గా దొరకడం లేదు," అన్నారు. నా అంకెల్ని ఆయన తిరిగి చూసుకునేవారు కాదు. అంతకుముందు చదువుకున్నవాళ్లెవరూ నన్ను అలా నమ్మలేదు. అందుకే ఏ లెక్కయినా తెగిందాకా నాకు నిద్రపట్టేది కాదు.

వరద తీశాక మూడో రోజు నుంచి శవాలు దొరకడం మొదలైంది. ముఖాలు పోల్చుకునేలా లేవు. కిందటి క్రిస్మస్‌కి ఫాదర్ గారు ఒకే తానులోంచి చింపించి పంచిన నీలి గళ్ల తువ్వాళ్లు మగవాళ్లందరి నడుముకీ ఉండేవి. వాటిని బట్టి పేటవాళ్లేనని, ఒడ్డూ పొడుగూ బట్టి ఎవరెవరో తేల్చాం. తొమ్మిదో శవం దొరికినప్పుడు మిగిలిన పేరు ఒక్కటే, పడవ నడిపే సోములు. వాడి తల్లి పైడమ్మ వంగి, పాదాలు రెండూ తడిమి చూసి లేచింది.

"ఈడు నా కొడుకు కాదు. నా సోముడికి ఎడం కాలి సిటికెనేలు వంకర. ఈడికి సక్కగా ఉన్నాది."

"నీళ్లలో నానిన కాలు పిన్నీ, ఏం తెలుస్తుంది? తప్పిపోయినవాళ్లు తొమ్మిది, దొరికినవాళ్లు తొమ్మిది," అన్నాను.

"నీ లెక్క నిండడానికేటి నా కొడుకు?" అంది. "ఎతకండి బాబూ. ఇంకా ఏట్లో ఉన్నాడు."

ఫాదర్ గారు ఆమెను చూశారు, నన్ను చూశారు. "సరిపోయిందా?" అని అడిగారు. "సరిపోయిందండి," అన్నాను. ఆ మాటతో వెతికే పడవలు ఒడ్డుకి వచ్చేశాయి. తొమ్మిది గోతులు, తొమ్మిది కొయ్య శిలువలు.

కొద్ది వారాలకే సమాధుల పండుగ వచ్చింది. ఆ పేటలో అలవాటు ఏమిటంటే, పొద్దు వాలే వేళ సమాధులకి సున్నం పూసి, కొవ్వొత్తి వెలిగించి నిలబడతారు. గురువు పేరు చదివితే ఆ ఇంటివాళ్లలో ఒకరు "మావోళ్లే స్వామీ" అనాలి. అప్పుడే ఆయన తీర్థం చల్లుతారు. ఎనిమిది పేర్లు అలాగే జరిగాయి. తొమ్మిదో శిలువ దగ్గర పైడమ్మ ఒక్కతే నిలబడింది, కొంగు పళ్ల మధ్య బిగించి. నేను ఆమె నోటికేసే చూస్తున్నాను, ఒప్పుకుంటుందా లేదా అని.

"సోములు," అని చదివారు.

"కాదు," అని జవాబు వచ్చింది. మగ గొంతు. పక్కనే నిలబడి అన్నట్టుంది. గాలి లేదు, తొమ్మిది కొవ్వొత్తులూ నిలువునా వెలుగుతున్నాయి. పైడమ్మ నోరు కదలలేదు. ఆమే తల తిప్పి వెనక్కి చూసింది. అక్కడ తడి సున్నం తప్ప ఏమీ లేదు.

ఫాదర్ గారు తీర్థం చల్లలేదు. దారిలో నెమ్మదిగా అడిగారు: "నోళ్లు ఎన్ని తెరుచుకున్నాయయ్యా?"

"ఎనిమిదండి."

"జవాబులు?"

"తొమ్మిది."

ఇంటికొచ్చాక నాకు ఆ తువ్వాళ్ల తాను గుర్తొచ్చింది. కొలిచి చింపింది నేనే. నలభై తువ్వాళ్లు. ఈ పేటకి ఇచ్చినవి పంతొమ్మిది. తక్కిన ఇరవై ఒకటీ ఏటికి ఎగువనున్న ఊళ్లకి పంపాం. ఎగువ నుంచి కొట్టుకొచ్చినవాడి నడుముకీ అదే గుడ్డ ఉండొచ్చని నాకు తట్టలేదు. తెల్లారగానే వెళ్లి చెప్పాను. ఆయన కోప్పడలేదు. "నువ్వు సరిపోయిందన్నావు, నేను ఆ మాటే కావాలనుకున్నాను," అన్నారు. పడవలు మళ్లీ దింపించి తనూ ఎక్కారు. అయిదు రోజులు తిరిగాం. ఏరు అప్పటికి చాలాచోట్ల మోకాలి లోతుకి దిగిపోయింది. సోములు దొరకలేదు. ఎగువ ఊళ్లలో అడిగితే కూలికని వెళ్లి తిరిగిరానివాళ్లు చాలామందే ఉన్నారు, ఎవరని చెప్పగలరు? తొమ్మిదో శిలువ మీది పేరు ఆయనే చాకుతో గీకేశారు.

మరుసటి ఏడు ఎనిమిది పేర్లు చదివి, ఆ బోడి శిలువ ముందు పుస్తకం మూసి నిలబడ్డారు. జవాబు కోసం చాలాసేపు చూశారు. ఎంతసేపో నేను లెక్కపెట్టలేదు. అలా లెక్కపెట్టకుండా వదిలింది నా జన్మలో అదొక్కటే.

ఆయన్ని పీఠాధిపతిగా అభిషేకించిన రోజు చీపురుపల్లిలో రైలెక్కి పట్నం వెళ్లాను. తలమీద పొడుగాటి కిరీటంతో ఊరేగింపులో వస్తూ, జనంలో నన్ను చూసి ఆగారు. "పైడమ్మ ఒప్పుకుందా?"

"లేదు స్వామీ."

"ఒప్పుకోకూడదు," అని ముందుకి కదిలారు.

అగ్రపీఠాధిపతి అయ్యాక కూడా, అన్నీ సరిపోయాయంటూ ఎవరు కాగితం తెచ్చినా, "కాదన్నవాళ్లెవరు? వాళ్లని ముందు తీసుకురా," అనేవారట. ఆయన దగ్గర పనిచేసినవాళ్లు చెప్పి నవ్వుతారు. నాకు నవ్వు రాదు. ఇప్పటికీ ఏ లెక్కయినా చక్కగా తెగితే, ఆ మగ గొంతు కోసం చెవి ఒగ్గి కాసేపు కూర్చుంటాను.

పైడమ్మ ఒప్పుకోకుండానే పోయింది. ఏడాదికోసారి సున్నం తీసుకెళ్లి ఆ తొమ్మిదో దానికి నేనే పూస్తున్నాను. కాగితం మీది అంకె కూడా దిద్దాను. ఏరు తీసుకున్నది తొమ్మిదిమందిని కాదు, పదిమందిని. ఒక గోతికి పేరు లేదు. ఒక పేరుకి గొయ్యి లేదు. నేను సరిపోయిందన్న చోట, ఈనాటికీ బాకీ రెండు.