ఏనుగుకి చెప్పిన మాట

మా నాన్నకు నోటి దురుసు. గరివిడి ఫ్యాక్టరీలో పని ఆ నోటితోనే పోగొట్టుకున్నాడు. తర్వాత రాజాంలో ఒక ధాన్యం కొట్టులో చేరి, షావుకారుని బేరగాళ్ల ముందే ఏదో అనేసి, మధ్యాహ్నం క్యారేజీ విప్పకుండానే ఇంటికి వచ్చేశాడు. ఇక మిగిలింది ఊళ్లో పెదనాన్నతో కలిసి చేసే వ్యవసాయం. అక్కడ బోరు మోటారు ముందు ఎవరి చేలోకి తిప్పాలన్న గొడవ ముదిరి, చుట్టాలందరూ భోజనాలకు కూర్చున్న పందిట్లో, తనను ఎత్తుకుని పెంచిన సొంత అన్నని పట్టుకుని దొంగ అన్నాడు.

పెదనాన్న విస్తరి ముందు నుంచి లేచిపోయాడు. తర్వాత మనుషుల చేత కబురు పెట్టాడు. "తప్పయిపోనాదని ఒక్క మాట సెప్పమనండి. మోటారు ఆడినే ముందు ఏసుకోమనండి."

అన్ని మాటలున్న నోట్లో ఆ ఒక్కటే లేదు. పైగా పౌరుషం పొడుచుకొచ్చింది. తెలిసినాయన కొండమీది జీడితోటకు కాపలా మనిషి కావాలంటే, అమ్మనీ నన్నూ చెల్లినీ రెండు కోళ్లనీ ఆటో ఎక్కించాడు. నా ఇంటర్ చదువు మధ్యలో ఆగిపోయింది. చెల్లిని బడి మాన్పించారు.

ఆటో దిగాక కూడా చాలాసేపు ఎక్కాలి. అడవి మధ్యలో తాటాకు పాక, ఒక సోలార్ దీపం. నీళ్లు కావాలంటే కింద పారే గెడ్డ దాకా దిగి, బిందెతో మళ్లీ ఎక్కాలి. పాక వెనకాల పెద్ద బండ ఉండేది. దాని మీద నిలబడితేనే ఫోన్‌కి సిగ్నల్ వచ్చేది. కోళ్లని మొదటి వారమే అడవిపిల్లి ఎత్తుకుపోయింది. వానలు మొదలయ్యాక కట్టెలు తడిసి, పొయ్యి ఊది ఊది అమ్మ కళ్లు ఎప్పుడూ ఎర్రగానే ఉండేవి. ఏ పూట చూసినా చోడి అంబలే, అదే రాగిజావ.

"గాలి సూడే ఎలాగున్నాదో. డబ్బులెట్టినా దొరకదు," అనేవాడు నాన్న.

"ఆ గాలి వొండి పెడతాను, తిను," అనేది అమ్మ.

ఆయనకు కోపం వచ్చేది. తనే కోరి వచ్చిన అడవిని తిట్టలేక అమ్మని తిట్టేవాడు. పొద్దున్న లేవగానే అమ్మ అడిగేది, "ఈ రోజైనా మీయన్నకి పోను సేస్తావా మావా?" అని. సస్తే సెయ్యనని ఆయన జవాబు. ఈ రెండు మాటలు అయ్యాకే మా ఇంట్లో పళ్లు తోముకోవడం మొదలయ్యేది. ఇద్దర్నీ ఆ బండకి కట్టేసి నేను కాలేజీకి పోవాలనిపించేది.

వానల్లో చెల్లికి జ్వరం పట్టుకుంది. నాన్న వీపున మోసుకుని కొండ దిగాడు. ఆస్పత్రి నుంచి తిరిగొస్తుంటే రోడ్డు మీద మా ఊరి బస్సు ఆగి ఉంది. అమ్మ బస్సు వైపు చూసి నాన్న వైపు చూసింది. నాన్న చెల్లిని మళ్లీ వీపుకెత్తుకుని కొండదారి పట్టాడు. ఆ రోజు అమ్మ అరవలేదు. నెమ్మదిగానే చెప్పింది. "వరి కోతయిపోనాక పిల్లల్ని తీసుకుని కన్నోరింటికి ఎలిపోతాను. నువ్వు జీడిమొక్కల్తో దెబ్బలాడుకో."

అమ్మ నెమ్మదిగా చెప్పిందంటే చేసి తీరుతుంది. నాకు మొదటిసారి భయం వేసింది.

వరి అంటే నాన్న గెడ్డ పక్కన చదును చేసుకున్న చిన్న మడి. వరి లేకపోతే రైతు కాడట. ధాన్యం వాసన పట్టుకుని ఏనుగులు ఇళ్ల మీదికి వస్తాయని ఆ చుట్టుపక్కల అందరికీ తెలుసు, మాకూ తెలుసు. అందుకే కోత అవగానే బస్తాలు కింద గూడెంలో దాచిపెట్టాం. అంత జాగ్రత్త పడిన మనిషి, మొదటి కంకుల్ని మాత్రం కుచ్చుగా అల్లి చూరుకి కట్టాడు. పిచ్చుకల కోసం. మా తాత కట్టేవాడు, ఆయన నాన్న కట్టేవాడు.

"ఇక్కడ పిచ్చుకలేవీ మావా?"

"వస్తాయి. కుచ్చు లేకపోతే అది ఇల్లేటి?"

పిచ్చుకలు రాలేదు. ఏనుగు వచ్చింది.

అమ్మ బట్టలు మూట కట్టుకుంటున్న పొద్దున అది. గుమ్మంలో వెలుతురు తగ్గింది. చూస్తే ఒంటరి ఏనుగు, చూరు పక్కనే. నేను చెల్లి నోరు మూసి గోడకి అతుక్కుపోయాను. అమ్మ గరిటె పట్టుకుని మా ముందు నిలబడింది. అవతల తోటలోంచి నాన్న కత్తితో వస్తూ ఆగిపోయాడు. ఇప్పుడు ఈయన నోరు తెరుస్తాడు, మేం పోతాం అనుకున్నాను.

నాన్న కత్తి కింద పెట్టాడు. చేతులు జోడించాడు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

"తండ్రీ, నువ్వు పెద్దోడివి. నీ దారికి అడ్డొచ్చేను. తప్పయిపోనాది. లోపల పిల్లలున్నారు నాకు. నువ్వే కాయాల."

ఏనుగు తొండం చాచి కుచ్చుని లాగింది. కుచ్చుతోపాటు పాక కప్పు కూడా కొంత ఊడి వచ్చింది. నిలబడి తీరిగ్గా నమిలింది. తర్వాత గెడ్డ వైపు దిగిపోయింది.

నాన్న ఉన్నచోటే కూలబడ్డాడు. అమ్మ ఏడుస్తుందనుకున్నాను. గరిటె పట్టుకునే వెళ్లి ఆయన ముందు నిలబడింది.

"ఆ మాట నీకొచ్చేటి?"

నాన్న తలెత్తాడు.

"నీ నోటికి తిరగదేమోననుకున్నాను. పుట్టుకలోనే లేదని సరిపెట్టుకున్నాను. ఉన్నాదన్నమాట. ఏనుక్కి సెప్పినావు. మీయన్నకి సెప్పుంటే దీని మొకం మనమెందుకు సూస్తాం?"

"అది తొక్కేస్తాదే."

"తొక్కేసేదానికైతే సెప్తావు. ఎత్తుకుని పెంచినోడికి సెప్పవు."

నాన్న కప్పులోని కన్నం వైపు చూశాడు. చెల్లి వైపు చూశాడు. కాసేపటికి లేచి, ఫోన్ తీసుకుని బండ ఎక్కాడు. వెనకాలే మేం ముగ్గురం ఎక్కాం. ఆయన్ని ఒంటరిగా వదిలితే చెయ్యడని మాకు తెలుసు.

నంబరు నొక్కాడు. అటు పెదనాన్న ఎత్తాడు. ఫోన్‌ని నాన్న అరచేత్తో మూసి, "ఏటని సెప్పనే?" అన్నాడు.

"ఏనుగనుకో," అంది అమ్మ.

నాన్న కళ్లు మూసుకున్నాడు. "అన్నా, నువ్వు పెద్దోడివి. తప్పయిపోనాది. పిల్లలున్నారు నాకు. నువ్వే కాయాల."

అటు నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఫోన్ చూస్తే సిగ్నల్ పోయింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఒక మనిషికి ఆ మాట చెప్పాడు, అది చేరిందో లేదో తెలియదు. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. నాన్న బండ దిగబోయాడు. అమ్మ కదల్లేదు, దారికి అడ్డంగా నిలబడింది.

అంతలో ఫోనే మోగింది. పెదనాన్న. అవతలి గొంతు మా అందరికీ వినిపించింది.

"ఏటో అన్నావు. మళ్లీ సెప్పు."

వినపడలేదో, ఇంకోసారి వినాలనిపించిందో నాకిప్పటికీ తెలియదు. నాన్న అమ్మ వైపు చూశాడు. గట్టిగా ఊపిరి పీల్చుకుని, "అన్నా, నువ్వు పెద్దోడివి," అని మొదటినుంచీ మొదలుపెట్టాడు.