తిరగని బంతి

కోరుట్లలో ఒక పాలిటెక్నిక్ కాలేజీలో నేను ఆటల సారును. కోపం నా ముక్కు మీదే ఉంటుందని పిల్లలు అనుకుంటారు. నిజమే. వాలీబాల్ కోర్టులో అది మరీ ఎక్కువ. బంతి గురించి నాకు తెలియనిది ఏముందిలే అనే గర్వం కూడా ఉంది.

నా జట్టులో గొల్లపల్లి నుంచి వచ్చే ఒక అమ్మాయి ఉండేది. తల్లిదండ్రులు కూలికి పోతారు. ఆమె సర్వీసు చేస్తే బంతి తన చుట్టూ తాను అసలు తిరిగేది కాదు. నింపాదిగా వల దాటి, అందుకోబోయేసరికి కల్లు ఎక్కువైనవాడిలా ఏదో ఒక పక్కకు తూలిపోయేది. ఎటు తూలుతుందో కొట్టిన ఆమెకే తెలియదు, ఇక ఎదుటివాళ్ళకేం తెలుస్తుంది? ఆ సర్వీసు పుణ్యమా అని మేం గెలిచిన ఆటలు చాలా ఉన్నాయి.

జగిత్యాలలో ఒక మ్యాచ్‌లో ఎగిరి దిగుతుంటే ఆమె మోకాలు మెలిపడింది. ఆపరేషన్ అయింది. నడవొచ్చు గానీ ఎగరకూడదు అన్నాడు డాక్టరు. ఆ తర్వాత ఆమె గ్రౌండు వైపు రావడం మానేసింది. నేను ఎదురైతే తల వంచుకుని వేరే దారిన పోయేది. నాకు కోపం వచ్చేది. ఆ కోపంలో సగం బాధే.

మరుసటి ఏడాది ఆమె కాలేజీ రోబో జట్టులో చేరిందని విన్నాను. రోబో తనంతట తాను ఎత్తున ఉన్న రింగులో బంతులు వేయాలి, అదీ పోటీ. దూరం నుంచి వేస్తే మార్కులు ఎక్కువ, రింగు దగ్గరికి వెళ్ళి వేస్తే తక్కువ. జట్టు నాయకుడిది తంగళ్ళపల్లి, ఆఖరి సంవత్సరం చదువుతున్నాడు. మరమగ్గాల చప్పుడులో పెరిగినవాడు కాబట్టి పక్కనున్న మనిషితో కూడా కేకేసి మాట్లాడతాడు. బంతి విసిరే భాగం మొత్తం అతను ఈ అమ్మాయికి అప్పగించాడు.

గది చాలక వాళ్ళు యంత్రాన్ని నా వాలీబాల్ కోర్టుకే తెచ్చారు. అలా ఆమె మళ్ళీ గ్రౌండులో అడుగుపెట్టింది, నా మొహం చూడకుండానే.

"ఏం బిడ్డా, నువ్వు సర్వీసు చేసుడు అయిపోయిందా, ఇనుముకు నేర్పుతున్నవా?" అన్నాను.

ఆమె నవ్వలేదు. "ఇనుముకు మోకాలు నొయ్యది సార్," అంది.

యంత్రం చూడటానికి తేలికే. రెండు రబ్బరు చక్రాలు, ఒకటి పైన, ఒకటి కింద. రెండూ మోటార్లతో గిర్రున తిరుగుతుంటాయి. మధ్యలోకి బంతిని తోస్తే ఒడిసిపట్టి ముందుకు విసురుతాయి. రెండు చక్రాల వేగమూ సరిగ్గా ఒకటే ఉండాలని ఆమె పట్టుబట్టింది. బంతి తిరగకుండా పోతే తిన్నగా పోతుందని ఆమె లెక్క. ఆ రెండు వేగాలూ కలపడానికి ఆమె పడ్డ పాట్లు చూస్తే నాకు ముచ్చటేసింది.

బంతులు మాత్రం మాట వినలేదు. ఒకటి రింగు దాటి పడేది, ఒకటి ఇవతలే పడేది. బోల్టులు బిగించారు, బ్యాటరీ మార్చారు, చివరికి కింది చట్రాన్ని కూడా అనుమానించారు. ఒకరోజు నాయకుడు గ్రౌండంతా వినబడేలా చెప్పాడు.

"చెల్లె, నీ కష్టం నేను సూస్తనే ఉన్న. గనీ వచ్చే వారం దాకా గిట్లనే ఉంటే దీన్ని తీసేద్దాం. రింగు దగ్గరికి పోయి మీది నుంచి బంతి జారేసే రేకు పెట్టుకుందాం. మార్కులు తక్కువైనా గ్యారంటీ ఉంటది."

అతని మాటలో తప్పు లేదు. కానీ ఆ యంత్రం పోతే జట్టులో ఆమెకు చేయడానికి పనేమీ మిగలదు. ఒకసారి ఆట నుంచి బయటికొచ్చి కూర్చున్న పిల్ల. రెండోసారి కూర్చుంటే మళ్ళీ లేస్తుందన్న నమ్మకం నాకు లేదు.

మర్నాడు సాయంత్రం ఆమె బంతి మీద నల్లటి మార్కరుతో చార గీసి తెచ్చింది.

"సార్, మీరు గా కొసకు నిలవడి అందుకోండ్రి. చార తిరుగుతదా లేదా సూడుండ్రి."

చేతులు చాచి నిలబడ్డాను. ఇన్నేళ్ళ అనుభవం కదా. చార కదలలేదు. బంతి నా చేతుల దాకా వచ్చి చటుక్కున కుడికి తూలి భుజానికి తగిలింది. ఇంకోటి కిందికి జారి కడుపులో గుద్దింది. ఆ తర్వాతిదానికి నా కళ్ళజోడు ఎగిరిపోయింది. నేను తిట్టడానికి నోరు తెరిచేలోగా ఆమె పగలబడి నవ్వింది. మోకాలు దెబ్బ తిన్నాక ఆమె నవ్వడం నేను చూసింది అదే మొదటిసారి.

"సార్, గిది నా సర్వీసే," అంది.

అవును, అదే. తిరగని బంతి గాలిలో తూలుతుందని మా ఇద్దరికీ తెలిసినంత బాగా ఆ కాలేజీలో ఇంకెవరికీ తెలియదు. అయినా చేతి బంతి వేరు, మోటారు బంతి వేరు అనుకున్నామేమో, ఇన్నాళ్ళూ కళ్ళెదుటే ఉన్నా పోల్చుకోలేదు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే.

"గీ బంతి ఎదుటోళ్ళను ఆగం జేసెటందుకు సార్. రింగును ఆగం జేస్తే మనకేమస్తది?" అంటూనే ఆమె పై చక్రం వేగం తగ్గించేసింది. ఇప్పుడు బంతి తన చుట్టూ తాను వెనక్కి తిరుగుతూ నిలకడగా పైకి లేచింది. చేతికి అలవాటైన సర్వీసు మార్చుకోమంటే నా ఆటగాళ్ళు నెల్లాళ్ళు అలుగుతారు. ఈ పిల్ల తనకు పేరు తెచ్చిన బంతిని నవ్వుతూ పక్కన పెట్టేసింది. అలాంటి మనసు నాకు లేదు. కోణం కుదరడానికి ఇంకా కొన్ని రోజులు పట్టింది గానీ, తప్పు ఎక్కడుందో తెలిశాక ఆమెలో కంగారు కనబడలేదు.

పోటీ సిరిసిల్లలో. ఎవరూ పిలవకపోయినా నేనూ వెళ్ళాను. అక్కడిచ్చిన బంతులు కొత్తవి, నున్నగా జారుతున్నాయి. సరిచూసుకోవడానికి వేసిన మొదటి బంతి రింగు అంచుకు తగిలి బయట పడింది. నాయకుడు సంచిలో తెచ్చుకున్న రేకును బయటికి తీశాడు.

"చెల్లె, మారుద్దామా?"

"ఆగన్నా. బంతి జారుతున్నది, గంతే."

ఆమె చక్రాలను శుభ్రంగా తుడిచి, కింది చక్రం వేగం కాస్త పెంచింది. తర్వాతి బంతి రింగులో పడింది. అతను రేకును మళ్ళీ సంచిలోకి తోసేశాడు.

అసలు ఆట మొదలయ్యే ముందు రిఫరీ వచ్చి, "యంత్రం దగ్గర ఒక్కరే ఉండాలె. మీ జట్టుల ఎవరు ఆడుతున్నరు?" అని అడిగాడు. నాయకుడిగా ఆ హక్కు అతనిదే. కానీ అతను ఆమె వైపు చూసి ఒకడుగు వెనక్కి వేశాడు.

"నేనే ఆడుతున్న సార్," అంది ఆమె.

కొంచెం కుంటుతూ హద్దు దాటి లోపలికి వెళ్ళింది. మీట నొక్కి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. బంతులు ఒకదాని వెనక ఒకటి పైకి లేచి రింగులో పడుతున్నాయి. నా వెనక వరుసలో ఎవరో, "కూసోండ్రి సార్, మాకు కనవడ్తలేదు," అంటున్నారు. నేనెప్పుడు లేచానో నాకే తెలియదు. ఆ పిల్ల ఆట ముగిసేదాకా నేను కూర్చోలేదు.