గుండు చేయించుకోని కొడుకు

అమ్మను సమాధి చేసి, మూడో రోజు ప్రార్థన ముగించుకుని, ఉదయగిరి నుంచి ఆత్మకూరు ఆఫీసుకు తిరిగొచ్చిన పొద్దు ఎవరూ నా ముఖం చూడలేదు, అందరూ తలే చూశారు. నూనె రాసి దువ్విన జుట్టు. అదే నేను చేసిన పాపం.

మాది విత్తనాలు, ఎరువులు అమ్మే ప్రైవేటు కంపెనీ. ఇంట్లో చావు జరిగితే జీతంతో సెలవు ఇస్తామని కొత్తగా రూలు పెట్టారు. పెట్టిందే ఆలస్యం, మావాళ్ల ఇళ్లల్లో ముసలివాళ్లు వరసగా పోవడం మొదలైంది. ఒకడి తాత ఎప్పుడో పోయినవాడే, మళ్లీ పోయాడు. మేనేజరుకు అనుమానం రావడంలో తప్పు లేదు. కానీ నా మీదనా?

"నిజంగానే పోయిందంట్రా మీయమ్మ?" అన్నాడు పక్క సీటువాడు. పరామర్శిస్తున్నాడో, ఆరా తీస్తున్నాడో తెలియలేదు. ఆరానే అనుకున్నాను.

మేనేజరు లోపలికి పిలిచాడు. "గుండేదబ్బా?"

"మేం క్రైస్తవులం సార్. మా వాళ్లల్లో చేయించుకోరు."

"దినాలెప్పుడు?"

"దినాలు కూడా ఉండవు సార్."

"గుండూ లేదు, దినాలూ లేవు. తల్లి పోయిందని ఎట్టా నమ్మేది? హెడ్డాఫీసోళ్లు అడిగితే నేనేం చెప్పాల?"

సెలవు పాస్ కాకపోతే చెప్పకుండా మానేసినట్టే లెక్క. అంటే, అమ్మ చావు నేను కల్పించిన అబద్ధమని ఆఫీసులో ఖాయమైపోతుంది.

మా ఊళ్లో శవపెట్టెకు మూత వేసేముందు ఇంటిల్లిపాదీ చుట్టూ నిలబడి ఫోటో తీయించుకుంటారు. వద్దు నాయనా అని ఆ రోజు నేనే కొట్లాడాను. నాయన వినలేదు. ఆ ఫోటో నా ఫోన్లో ఉంది. అమ్మ ముఖం ఈ మేనేజరుకు చూపించాలా? చూపించాను, ఏం చేస్తాను!

ఆయన రెండు వేళ్లతో ఫోటో పెద్దది చేశాడు. అమ్మను దాటేసి నాకోసం వెతికాడు.

"నువ్వేడుండావు?"

"అదిగో సార్, పెట్టె మీద వంగి..."

నా ముఖం అమ్మ గుండెల మీద ఉంది. ఫోటోలో కనిపిస్తున్నది నా తల వెనక భాగమే.

"ఇది ఎవురైనా కావచ్చు గదా" అన్నాడు, కోపంగా కాదు, మామూలుగానే.

వెనక్కి తిరిగి, ఫోటోలో మాదిరే తల వంచి, ఆయన టేబుల్ ముందు నిలబడ్డాను.

"కొంచెం ఇటు జరుగు, వెలుతురులోకి" అన్నాడు.

జరిగాను.