పదిహేడు ఇళ్ళ సున్నా

ఫిబ్రవరి పదకొండు, మంగళవారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు ఒక కాలేజీ అమ్మాయి కాగితాల కట్టతో ఉక్కు ఫ్యాక్టరీకి పనికొచ్చిన తెలుగువాళ్ళుండే మా క్యాంప్ వన్ వీధిలోకి వచ్చింది. హైడ్రోజన్‌తో నడిచే బస్సులు కొన్నాళ్ళు ప్రయోగంగా తిప్పి చూస్తారట. ఎక్కుతారా, ఎక్కితే మామూలు టికెట్టు మీద ఎంత ఎక్కువ ఇవ్వగలరు అని ఇంటింటా అడుగుతున్నారు. ఎక్కువమంది ఒప్పుకున్న దారిలో బస్సు వేయమని పైకి రాస్తామని చెప్పింది.

మా వీధిలో ఏ కాగితం వచ్చినా నా గడపకే చేరుతుంది. రేషనైనా, పింఛనైనా ఇక్కడ అన్నీ హిందీ కాగితాలే, నేనే నింపుతాను. పిల్లలకు హిందీ బాగా వచ్చు గానీ వాళ్ళ రాత మీద పెద్దవాళ్ళకు నమ్మకం లేదు. ఆ రోజూ అంతే. నా ఇంటితో కలిపి పదిహేడు ఇళ్ళు. మీరేటి రాసినా సరే అంటూ అందరూ ఖాళీ కాగితాల కింద సంతకాలో వేలిముద్రలో పెట్టి వెళ్ళిపోయారు. అమ్మాయి నాలుగింటికి వచ్చి తీసుకుంటానంది.

పక్కింటామె ఒక్కతే కూర్చుని తన జవాబు చెప్పింది. నాకన్నా పద్దెనిమిదేళ్ళు చిన్నది, నన్ను పిన్నీ అనేది. కిడ్నీలు పాడయ్యాయి. రక్తం శుద్ధి చేయించుకోవడానికి వారానికి రెండుసార్లు పక్క ఊరు దుర్గ్‌లో ఆసుపత్రికి వెళ్ళేది. పోయేటప్పుడు రెండు షేర్ ఆటోలు, వచ్చేటప్పుడు రెండు.

"పది రూపాయలు ఎక్కువిత్తానని రాయి పిన్నీ. సూదులు పొడిసిన సెయ్యి ఒళ్ళో ఎట్టుకుని ఆటోలో ఎగిరెగిరి పడలేకున్నాను."

గ్యాసు బండి, భయం లేదా అన్నాను.

"ఆటో భయ్యా తోలీదాని కన్నానేటి?" అని నవ్వి, తెలుగులో సంతకం చేసి వెళ్ళింది.

మావారు ఒక కంట్రాక్టరు కింద ఉక్కు ఫ్యాక్టరీలో కొలిమి గ్యాసు పైపులు బాగుచేసేవారు. ఆ గ్యాసుకు వాసన ఉండదు. తలకెక్కితే ముందు లెక్క తప్పుతుంది. అందుకని ఆ పనివాళ్ళ ఇళ్ళలో ఒక అలవాటుండేది. మనిషి డ్యూటీ నుంచి రాగానే గుమ్మంలో ఆపి తారీఖు అడగాలి. తప్పు చెబితే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ముప్పై ఒక్క ఏళ్ళ కిందట ఒక మధ్యాహ్నం ఆయన పందొమ్మిది అన్నారు. ఆ రోజు ఇరవై. హాస్యమాడుతున్నారనుకుని నవ్వి అన్నం పెట్టాను. తిని పడుకున్నవారు లేవలేదు.

ఉదయం ఆ అమ్మాయిని నేను అడిగింది ఒక్కటే, ఈ గ్యాసుకు వాసన ఉంటుందా అని. ఉండదంది. ఇది విషం కాదని, కారితే తేలిగ్గా పైకి పోతుందని, కనిపెట్టే యంత్రాలుంటాయని, బండి వెనక పొగకు బదులు నీళ్ళే వస్తాయని ఇంకా చాలా చెప్పింది. ఉండదు అన్న తర్వాత నా చెవికి ఏదీ ఎక్కలేదు.

ఎక్కుతారా? లేదు. ఎంత ఎక్కువ? సున్నా. పదహారు కాగితాలు అలా నింపాక పక్కింటామెది మిగిలింది. దాని మీదా సున్నా వేశాను. ఆమెను కాపాడుతున్నాననే అనుకున్నాను.

ఆగస్టులో బస్సు వచ్చింది. మా వైపు కాదు, రైలు పట్టాల అవతల ఫ్యాక్టరీ క్వార్టర్లుండే సెక్టార్ల మీదుగా. ఒకసారి చూడ్డానికి వెళ్ళాను. చప్పుడు లేకుండా నా వెనకే వచ్చి ఆగితే తెలియలేదు. కింద నుంచి నీళ్ళు బొట్లు బొట్లుగా కారుతున్నాయి. ఎక్కి దుర్గ్ దాకా వెళ్ళాను. ఒక్క కుదుపు లేదు. మామూలు టికెట్టు మీద ఐదు రూపాయలే ఎక్కువ.

అంత దూరం నడవడం పక్కింటామె వల్ల కాలేదు. వానలకు ఆటోలు దొరక్క, దొరికినా ఒంట్లో ఓపిక లేక, దుర్గ్ వెళ్ళడం మానేయసాగింది. ఒకరోజు కాళ్ళు వాచిపోయి మా అరుగు మీద కూర్చుని అడిగింది.

"మనోలు ఏల వొద్దన్నారో పిన్నీ? నువ్వు నాది పదనే రాసినావు గదా."

రాశానన్నాను.

"నా ఒక్కదాని పదికి బస్సెవుడు ఏస్తాడులే," అంది.

అక్టోబరు తొమ్మిది, గురువారం, ఉదయం ఆరుంబావుకు పోయింది. పదో రోజు దాటాక ఆ కాలేజీ అమ్మాయికి ఫోన్ చేశాను. మీ కాగితాలొక్కటే కాదు ఆంటీ, రోడ్డు వెడల్పూ డిపో దూరమూ కూడా చూశారు అంది. ఆ మాట నన్ను ఒక పూట నిద్రపుచ్చింది, అంతే. ఇప్పుడు పట్టపగలు కూరగాయలకు వెళ్తున్నా వెనక ఏదో చప్పుడు లేకుండా వచ్చి ఆగినట్టుంటుంది. తిరిగి చూస్తాను. ఖాళీ రోడ్డు. పక్కకు తప్పుకుని దారి ఇచ్చాకే అడుగు వేస్తాను.

మావారిని ఈ లెక్కలో కలపను. ఆయన్ను అడ్డం పెట్టుకుని ఒకసారి తప్పు చేశాను, చాలు.

పోయినవి: పదిహేను ఇళ్ళవాళ్ళ జవాబులు, ఏమని ఉండేవో ఇక తెలియదు. నోటితో చెప్పిన జవాబు ఒకటి. ఆమె దుర్గ్ వెళ్ళని రోజులు తొమ్మిది. ఒక మనిషి.