ఊళ్ళు తిరిగింది ఆవిడే

ముసలి మనిషి నిజం చెబితే చప్పట్లు కొట్టి నోరు మూయించవచ్చని నేను అమెరికాలో తెలుసుకున్నాను. ఎవరూ గద్దించలేదు, బయటికి పొమ్మనలేదు. నవ్వారు, చప్పట్లు కొట్టారు, కాఫీ తాగి ఇళ్ళకి వెళ్ళారు. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

1979లో పెళ్ళి చేసుకుని ఒహాయోలో ఒక చిన్న కాలేజీ ఊరికి వచ్చాను. మా ఆయన అక్కడి ఆసుపత్రిలో రెసిడెన్సీ చేస్తున్న డాక్టరు. నా వీసా మీద నేను ఉద్యోగం చేయకూడదు. పై వాటాలో మేము, కింది వాటాలో ఇంటి ఓనరు. డెబ్బై దాటిన జర్మన్ ఆవిడ. పిల్లలు లేరు. యుద్ధానికి ముందే భర్తతో ఈ దేశం వచ్చిందట. ఆయన ఈ ఊరి కాలేజీలోనే పాఠాలు చెప్పి, ఇక్కడే పోయాడు. జర్మన్ పల్లెల్లో జానపద కథలు సేకరించి పుస్తకాలు వేసిన రచయితగా ఆయనకు పెద్ద పేరు.

ఒకరోజు బేస్‌మెంట్‌లో బట్టలు ఉతుక్కుంటుంటే ఆవిడ వచ్చి, చిన్నప్పుడు నీకు కథలెవరు చెప్పారని అడిగింది.

"మా అమ్మమ్మ."

"ఏం చేస్తూ చెప్పేది?"

అదేం ప్రశ్నో నాకు అర్థం కాలేదు. "అప్పడాలు ఒత్తుతూ," అన్నాను.

"ఆమె పేరేమిటి?"

చెప్పాను. ఆ పేరు నా చేత మళ్ళీ మళ్ళీ పలికించుకుని, తన నోట సరిగ్గా పలికేదాకా ఆవిడ వదల్లేదు. అమెరికాలో నా పేరునే అంత శ్రద్ధగా ఎవరూ పలకలేదు. ఆ తర్వాత రోజూ మధ్యాహ్నం కింది వాటాలోనే ఉండేదాన్ని.

తన సంగతి మాత్రం ఏడాది దాకా చెప్పలేదు. చెప్పిన రోజున కూడా బంగాళాదుంపల చెక్కు తీస్తూ, వంట గురించి మాట్లాడినంత మామూలుగా చెప్పింది. ఆ కథలు తెచ్చింది ఆయన కాదు, ఆవిడ. ఆయన పట్నంలో పుట్టినవాడు. కొండ పల్లెల యాస ఆయనకు అర్థమయ్యేది కాదు. ఆవిడకు అది పుట్టింటి మాట. సైకిలేసుకుని ఊరూరా తిరిగి, బాతుల ఈకలు పీకే ఆడవాళ్ళ పక్కన, పాలు పితికేవాళ్ళ పక్కన కూర్చుని, వాళ్ళు చెప్పినవన్నీ రాసుకొచ్చింది. ప్రతి కథ కిందా చెప్పిన మనిషి పేరూ ఊరూ రాసింది. ఆయన ఇంట్లో కూర్చుని భాష నున్నగా చేశాడు. అచ్చుకు ఇచ్చే ముందు ఆ పేర్లన్నీ కొట్టేశాడు. పాలమ్ముకునే దాని పేరు చదివేవాళ్ళకెందుకు అన్నాడట. ముందుమాటలో మాత్రం, ఓపికగా టైపు చేసినందుకు భార్యకు కృతజ్ఞతలు చెప్పాడు.

"నా పేరు పోతే పోనీ. వాళ్ళవి ఎందుకు కొట్టేయాలి?" అంది.

"మీరు ఊరుకున్నారా?"

"అరిచాను. పళ్ళెం విసిరి పగలగొట్టాను. మర్నాడు బజారుకెళ్ళి కొత్త పళ్ళెం నేనే కొనుక్కొచ్చాను."

1983 వసంతంలో కాలేజీవాళ్ళు లైబ్రరీలో ఒక గదికి ఆవిడ భర్త పేరు పెట్టారు. ఆవిడను ముందు వరసలో కూర్చోమని పిలిచారు. కొత్తగా లైసెన్సు తెచ్చుకున్న నేనే కారులో తీసుకెళ్ళాను. సభ నడిపిన ప్రొఫెసర్, ఎండనకా వాననకా పల్లెలు తిరిగి కథలు తెచ్చిన మహానుభావుడంటూ ఆయన్ని పొగిడాడు. ఆవిడ లేచి నిలబడింది.

"తిరిగింది నేను. ఆయనకు వాళ్ళ మాటలు అర్థమయ్యేవి కావు. ఆ కథలు చెప్పిన ఆడవాళ్ళెవరో చెబుతాను, వినండి," అని పేర్లు చెప్పడం మొదలుపెట్టింది.

ప్రొఫెసర్ మైకు మీదికి వంగి, "చూశారా, ఎంత ముచ్చటగా ఉన్నారో. ఈ వయసులోనూ భర్త చేసిన పనే ఈమెకు లోకం," అన్నాడు. హాలంతా చప్పట్లు. ఆ మోతలో ఆవిడ పెదవులు కదులుతూనే ఉన్నాయి. చప్పట్లు ఆగేసరికి పేర్లూ అయిపోయాయి. కూర్చుంది.

నేను తిన్నగా ఆ ప్రొఫెసర్ దగ్గరికి వెళ్ళాను. "ఆవిడ చెప్పింది నిజం," అన్నాను. నా ఇంగ్లీషు అర్థం కానట్టు ముఖం పెట్టి మళ్ళీ చెప్పమన్నాడు. చెప్పాను.

"ఈ వయసులో జ్ఞాపకాలు కలగాపులగం అవుతాయి. మీలాంటి మంచి వాళ్ళు తోడుండడం ఆమె అదృష్టం," అన్నాడు.

"యాస తెలియని మనిషి ఆ కథలు ఎలా విన్నాడు?"

ఆయన నా భుజం మీదుగా ఇంకెవరినో చూసి చెయ్యి ఊపాడు. నన్ను బిస్కెట్లు తీసుకోమని చెప్పి వెళ్ళిపోయాడు.

కారులో ఆవిడ, "ఎన్ని పేర్లు వినబడ్డాయి?" అని అడిగింది. ఒక్కటే వినబడిందన్నాను. ఆ పేరు చెప్పాను.

"ఆమె పాలు అమ్మేది," అంది.

ఇంటికొచ్చి మా ఆయన ముందు మండిపడ్డాను. ఆయన బూట్లు విప్పుకుంటూ విన్నాడు. "మనకెందుకే ఈ గొడవ? నాకు ఇంకా గ్రీన్‌కార్డ్ రాలేదు. ఈ ఊళ్ళో సగంమంది నా పేషెంట్లే. ఆ ప్రొఫెసర్‌తో ఆర్గ్యూ చేయడం అవసరమా నీకు?" అన్నాడు. ఆ వారమంతా ఆయనకు అన్నం పెట్టాను గానీ పలకరించలేదు.

పేర్లతో సహా కథల్ని మళ్ళీ అచ్చు వేయించాలని ఆవిడ పట్టుబట్టింది. పుస్తకాల హక్కులు భర్త కాలేజీకి రాసిపోయాడు. మూల రచయిత వాక్యాల్లో ఒక్క అక్షరం కూడా మార్చడానికి వీల్లేదని వాళ్ళు మర్యాదగా చెప్పారు. మూల రచయిత బతికే ఉంది, ఈ ఊళ్ళోనే ఉంది, వచ్చి అడగమన్నాను ఫోన్‌లో. అవతల మనిషి థాంక్యూ చెప్పి పెట్టేసింది.

మరుసటి చలికాలంలో ఆవిడ పోయింది. ఊరి పేపర్లో, ప్రసిద్ధ కథా సేకరణకర్త భార్య అనీ, ఆయన రాసినవి టైపు చేసిన నమ్మకమైన సహాయకురాలనీ వేశారు. నేను ఫోన్ అందుకున్నాను.

"పోయిన మనిషి పోయింది. ఇప్పుడేం లాభం?" అన్నాడు మా ఆయన.

"మీరు వినకండి," అని నంబరు తిప్పాను.

పేపరామె ఓపికగా రాసుకుంది. తప్పకుండా సవరణ వేస్తామంది. రెండు రోజులకు వేశారు కూడా. భర్త పుస్తకాల సంఖ్య మొన్న పొరపాటుగా పడిందనీ, నిజానికి ఆయన ఇంకొకటి ఎక్కువే రాశాడనీ అందులో ఉంది. ఆవిడ గురించి ఒక్క ముక్క లేదు. మళ్ళీ ఫోన్ చేస్తే, సవరణకు మళ్ళీ సవరణ వేయడం తమ పద్ధతి కాదన్నారు.

లైబ్రరీలో ఆ గది ఇప్పటికీ ఆవిడ భర్త పేరుతోనే ఉంది.