గిన్నె కోసం తిరిగొచ్చిన బీబీ

పూతలపట్టు దాటాక చిత్తూరు రోడ్డు మీద ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఉంది. కాయల కాలంలో అక్కడ తొడిమలు కోసే బల్ల చుట్టూ పాతికమంది ఆడవాళ్ళు కూర్చుంటారు. ఆ బల్లకు పదకొండేళ్ళుగా మహారాణి జ్ఞానాంబ. అలా అని ఎవరూ పిలవలేదు గానీ, ఆమె మాత్రం అలాగే కూర్చునేది.

ఆ వైభవం ఆమెకు సీరియళ్ళ వల్ల వచ్చింది. టీవీ అందరి ఇళ్ళలోనూ ఉంది. కానీ సీరియల్ వచ్చే వేళకు ఆడవాళ్ళంతా పొయ్యి దగ్గర ఉంటారు. మాటలు వినపడతాయి, మనుషులు కనపడరు. జ్ఞానాంబకు కోడలు భానుప్రియ వండి పెడుతుంది కాబట్టి ఆమె టీవీ ముందు నుంచి కదలదు. మరునాడు బల్ల దగ్గర పూసగుచ్చినట్టు చెబుతుంది. ఆమె చెబుతున్నంత సేపూ పక్కవాళ్ళు ఆమె గంపలోని కాయలు తీసి తామే కోసేస్తారు. కథ చెప్పే మనిషికి కాయలు మిగల్చకూడదని ఆ బల్లకు ఒక మర్యాద.

అత్తాకోడళ్ళ సీరియల్‌కు ఆమెది ఒక గొంతు, దేవుళ్ళ సీరియల్‌కు ఇంకో గొంతు. పగా ప్రతీకారాల సీరియల్‌కు మాత్రం గొంతు మార్చే పని లేదు, మామూలుగా మాట్లాడితే చాలు. అందులో కొడవలి పట్టుకున్నవాడు ఒక్కడే మన సీమ మాట మాట్లాడతాడు. బంగళాలో పట్టుచీరతో నిద్రలేచేవాళ్ళెవరూ ఆ మాట మాట్లాడరు. ఆ సంగతి మీద జ్ఞానాంబకు ఏనాడూ కోపం రాలేదు. ఆమెకు కోపమంతా జైతున్‌బీ మీద వచ్చింది.

జైతున్‌బీ ఈ ఏడే పనిలో చేరింది. చిత్తూరులో పరుపులు కుట్టే నవాబ్ భార్య. సాయంత్రం టీవీలో రావలసిన ఎపిసోడు ఆమె సెల్లులో తెల్లారేసరికే వచ్చేస్తుంది. బస్సులో చూసుకుంటూ వచ్చి ఎనిమిదింటికల్లా చెప్పేస్తుంది. జ్ఞానాంబ దగ్గర ఉన్నది నిన్నటి కథ, ఆమె దగ్గర ఉన్నది ఇవాళ్టిది. వేడన్నం ఉండగా చద్దన్నం ఎవరు అడుగుతారు? వారం తిరిగేసరికి చేతులన్నీ జైతున్‌బీ గంపలోకి పోయాయి. జ్ఞానాంబ గంప నిండుగా అలాగే ఉండిపోయింది.

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. జైతున్‌బీ చీర మీద, నవ్వు మీద, చివరికి కత్తి పదును మీద కూడా కుళ్ళుకుంది. ఆమె కథ చెవిన పడకూడదని బల్ల చివరకు పోయి కూర్చుంది. కానీ ఒకరోజు మనసు ఆగక విన్నది.

"నగ నువ్వే తీసినావని ఆ అత్త అనింది. పనిమనిషి ఊరుకుంటాదా? చీపురు కింద పెట్టి, 'మీ ఇంట్లో ఏ వస్తువు యాడుండాదో మీకు తెల్దు, నాకు తెల్సు. తీసేదాన్నయితే పదేండ్ల కిందే తీసుందును' అనింది," అని చెబుతోంది జైతున్‌బీ.

బల్లంతా "అబ్బా!" అంది.

ఆ సాయంత్రం జ్ఞానాంబ రెప్ప వేయకుండా చూసింది. పనిమనిషి తల వంచుకుని ఏడ్చింది, నోరే తెరవలేదు. దొరికిపోయావే అనుకుని జ్ఞానాంబ ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తింది.

పొద్దున రావడంతోనే నిలదీసింది. "ఏం మే జైతున్, ఆ పనిమనిషి అట్లా యాడనింది? అంతా నీ సొంత కతే!"

జైతున్‌బీ ముఖం కందిపోయింది. బదులు మాత్రం పక్కనున్న మోహన చెప్పింది. "మాకు తెల్సులే అక్కా. దినామూ పొయ్యికాడ ఇంటానే ఉంటాము. ఆ పనిమనిషి గొంతు ఒక్కనాడూ ఇనపడలా. ఈయమ్మ చెప్తే ఈడ ఇనపడింది."

తెలిసి తెలిసి వింటున్నారు! తను ఉన్నది ఉన్నట్టు చెబితే వద్దట, ఆమె కల్పించి చెబితే కావాలట. ఆ రోజు జ్ఞానాంబ గంపెడు కాయలూ తానే కోసుకుంది, వేలు కూడా కోసుకుంది.

మూడు రోజుల తర్వాత టీవీలో పక్కింటి బీబీ వచ్చింది. ఆ సీరియల్లో ఆవిడ ఏడాదికోసారి కనపడుతుంది. పండగని చెప్పి సేమ్యా గిన్నె ఇస్తుంది, వంకర తెలుగు మాట్లాడుతుంది, ఇంటిల్లిపాదీ నవ్వుతారు, వెళ్ళిపోతుంది. ఆ పొద్దున జైతున్‌బీ ఎపిసోడంతా చెప్పి ఈ ఒక్క సీనూ దాటేసింది. జ్ఞానాంబ అది పట్టేసింది.

మరునాడు గొంతు సవరించుకుంది. "జైతున్ నిన్న ఒక సీను దాపెట్టేసింది. నేను చెప్తా ఇనండి." బీబీ నడక నడిచి చూపించింది. 'నిమ్కి', 'మాకి' అంటూ ఆవిడ మాట మాట్లాడి చూపించింది. అందరూ నవ్వుతారనుకుంది. ఎవరూ నవ్వలేదు. జైతున్‌బీ తల వంచుకుని కాయ కోస్తోంది. అలా వంచిన తలను జ్ఞానాంబ మొన్ననే చూసింది, టీవీలో, పనిమనిషిది.

సిగ్గేసింది. జైతున్‌బీ తెలుగు తన తెలుగు కంటే బాగుంటుంది, అందుకే కదా తాను ఇంతగా కుళ్ళి చస్తున్నది! కథ సగంలో ఉంది, బల్లంతా తననే చూస్తోంది. నోటికి వచ్చింది చెప్పేసింది.

"పొయ్యిందనుకుంటిరా? పోలా! వాకిలి దాకా పోయి, తిరిగొచ్చి సోఫాలో కూసునింది. 'ఏమ్మా, ఇన్నేండ్లుగా సేమ్యా ఇస్తా ఉండాను, ఒక్క గిన్నన్నా తిరిగి రాలేదే? నా గిన్నెలు నాకియ్యండి' అని అచ్చం మన మాటలో అడిగింది. నవ్వేటోళ్ళ నోళ్ళు మూతబడినాయి."

జైతున్‌బీ తలెత్తింది. "ఇచ్చినారా అక్కా?"

"ఇయ్యక యాడికి పోతారు?"

"వట్టి గిన్నెలే ఇచ్చినారా, ఏమన్నా పెట్టిచ్చినారా?" అని అడుగుతూనే జైతున్‌బీ చెయ్యి చాచి, జ్ఞానాంబ గంపలోంచి ఒక కాయ తీసుకుని తొడిమ కోసింది.

పక్కింటి గిన్నె వట్టిది తిరిగి ఇవ్వకూడదు. అది తనకు తోచనందుకు, ఆమెకు తోచినందుకు జ్ఞానాంబకు మళ్ళీ కడుపు మండింది. ఆ గిన్నెల్లో ఏం పెట్టాలా అని ఆమె వెతుక్కుంటూ ఉండగానే జైతున్‌బీ చెయ్యి రెండో కాయకు వచ్చింది.

"ఉండు మే, చెప్తా ఉండాను కదా," అంది జ్ఞానాంబ.